మా తమ్ముడు సముద్రంలో పోయాడు

అలెగ్జాండ్రియా
తూబి నెల, తొమ్మిదో రోజు

సైప్రస్ దీవి సలామిస్ కోటలో కొలువున్న తమ్ముడు దొరియోన్‌కి అక్క మిర్రినె రాసేది. నువ్వు క్షేమంగా ఉండాలని సరాపిస్ దేవుడికి మొక్కుతున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం.

నువ్వు సైప్రస్ ఓడ ఎక్కిన నాటికీ ఇవాళ్టికీ ఊరు చాలా మారింది. రాజులిద్దరూ రాజీపడ్డారు. అన్న మెంఫిస్ నుంచి వచ్చాడు, తమ్ముడు కోట తలుపు తీశాడు, వాళ్ళ తోబుట్టువు రాణిగారు మధ్యలో నిలబడి ఇద్దరి చేతులూ కలిపింది. ఇప్పుడు ముగ్గురూ కలిసి ఏలుతున్నారు. "ఒక్క కుర్చీ మీద ముగ్గురు కూర్చున్నారు, కాళ్ళు విరక్కుండా ఉంటే చాలు," అని మీ బావ మోస్కియోన్ గొణుగుతున్నాడు. గొణిగేది ఇంట్లోనేలే. రాజుగారి రేవులో ఓడలకి తాళ్ళు పేనేవాడు, బయట నోరు విప్పడు.

పోయినేడు వాళ్ళ మేనమామ సిరియా రాజే కదా, దండెత్తి వచ్చి మనల్ని గోడల లోపల ఆకలికి మాడ్చింది. పెద్ద మేనల్లుడి తరఫున వచ్చానన్నాడు. ఇప్పుడు మేనల్లుళ్ళిద్దరూ ఒకటయ్యారు. ఇంక ఏ వంక పెట్టుకుని వస్తాడో చూడాలి.

ఇక నీ భార్య సంగతి. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. తయేసిస్ ఈ ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలా మసులుతోంది. పని చేస్తుంది, కాదనను. కానీ వండిన చేపలో మొదటి ముక్క పిల్లికి పెట్టాకే మనుషులకి. ఆపియతో మన భాష వదిలి ఐగుప్తు భాషలోనే మాట్లాడుతుంది. రెండున్నరేళ్ళ పిల్ల, నన్ను ఒక భాషలో 'అత్తా' అని పిలిచి ఇంకో భాషలో ఏదో అని నవ్వుతుంది. ఏమందే అని అడిగితే తల్లి చెప్పదు. ఏదో ఒక రోజు పిల్లని చంకనేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళిపోతుందని నా అనుమానం.

నీ జాబు కోసం చూస్తుంటాను. చలికి ఛాతీ మీద ఉన్ని గుడ్డ కట్టుకో.

మీ అక్క


సలామిస్
మెఖీర్ నెల, నాలుగో రోజు

అక్కకీ బావకీ దొరియోన్ దండాలు.

రాగి మోసే ఓడ నడిపే ఒనాసాస్ నీ జాబు తెచ్చిచ్చాడు. మంచివాడు, ఈ దీవి మనిషే. ఇకమీదట మన ఉత్తరాలు అతని చేతే పంపుకుందాం. అతనికి తిండి పెట్టి పంపు, అదే అతని కిరాయి.

నేను బాగానే ఉన్నాను. ఇక్కడ గొర్రె జున్ను బాగుంటుంది, మిగతావి తినాలంటే ఆకలి ఉండాలి. కోట మీద కాపలా, కింద సముద్రం, అంతే. మా అధికారి మాత్రం ఈ మధ్య మనుషుల్లో లేడు. ఇన్నేళ్ళు దీవిని కాపాడి పన్నులన్నీ కాసు పోకుండా పంపిస్తే రాజధానిలో దొరలు తనని పూచికపుల్లలా చూస్తున్నారని అందరి ముందూ అంటున్నాడు. పెద్దల గొడవలు, మనకెందుకు.

అక్కా, తయేసిస్ మీద నువ్వు రాసిందంతా చదివి నవ్వుకున్నాను. పెళ్ళినాడు కూడా ఇలాగే అన్నావు. దానికి చదవడం రాదు. నా గొంతు దానికి చేరేది నీ నోటిగుండానే. అందుకని ఒక్కటి అడుగుతాను. ఈసారి అది ఏమంటుందో అడిగి దాని మాటల్లోనే రాయి. నీ మాటలు కలపకు.

ఆపియ నా పేరు పలుకుతోందా?

ఉంటాను.
దొరియోన్


అలెగ్జాండ్రియా
ఫమెనోత్ నెల, రెండో రోజు

తమ్ముడికి,

నువ్వు అడిగావు కనుక అడిగాను. ఇదిగో, అక్షరం మార్చకుండా: "పిల్ల మేడమెట్లు ఒక్కతే దిగుతోందని చెప్పు. ఆయన పేరు పలుకుతోంది, కానీ కుక్కని చూసి కూడా అదే పేరుతో పిలుస్తోంది. నేను ఇక్కడ ఎవరి ముందూ ఏడవను. ఆయన వచ్చాక ఏడుస్తాను." అంతే చెప్పి నీళ్ళకి వెళ్ళిపోయింది. నేను కలిపింది ఏమీ లేదు.

ఇప్పుడు నా మాట విను. సిరియా ఓడలు బయల్దేరాయని రేవులో చెప్పుకుంటున్నారు. ఐగుప్తుకి కాదట, ముందు సైప్రస్‌కే. మీ బావ రెండు వారాలుగా తిండికి ఇంటికి రావడం లేదు, రేవులోనే తింటున్నాడు. అన్ని తాళ్ళు కావాలట. అన్ని తాళ్ళు ఎందుకో నాకు తెలియదు గానీ, అంత తొందర నేను ఎప్పుడూ చూడలేదు.

ఏదో జబ్బు వంక పెట్టుకుని సెలవు తీసుకుని రా. ఒనాసాస్ ఓడలో చోటుందిట, అడిగాను. నువ్వు వస్తానంటే అప్పుడే నీ భార్యకి చెబుతాను. ముందే చెప్పి ఆశ పెట్టడం ఎందుకు?

మీ అక్క


సలామిస్
ఫర్మూతి నెల, మూడో రోజు

అక్కా,

ఈ జాబు నువ్వొక్కదానివే చదువు. చదివాక పొయ్యిలో పెట్టు.

సముద్రం మీద యుద్ధం జరిగింది. మాలో సగం మందిని ఓడలెక్కించారు, నన్ను గోడమీద ఉంచారు. ఎక్కినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. గాలి ఇటు కొట్టినప్పుడల్లా ఒడ్డుకి పలకలు కొట్టుకొచ్చేవి, మనుషులు కాదు. తరువాత మా అధికారి రేవుకి అడ్డంగా కట్టిన గొలుసు దింపించాడు. సిరియా ఓడలు పండగకి వచ్చినట్టు లోపలికి వచ్చాయి.

మమ్మల్ని నాటకశాలలో కూర్చోబెట్టారు. అధికారి లేచి, నేటినుంచి మన రాజు సిరియా రాజే అన్నాడు. ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూశాను. పైమెట్ల మీద సిరియా విలుకాళ్ళు నిలబడి ఉన్నారు. నా పక్కవాడు చెవిలో, "దేవుళ్ళ పేర్లు మారలేదు, రాజు పేరొక్కటే మారింది, కానిచ్చెయ్," అన్నాడు. వరసలో నా వంతు వచ్చింది. ప్రమాణం చేశాను.

నువ్వు రమ్మన్న జాబు ఆ మర్నాడు అందింది. ఇప్పుడు రేవు దాటాలంటే వాళ్ళ ముద్ర కావాలి. పారిపోయిన ఇద్దరిని పట్టుకొచ్చి కోట గుమ్మం ముందు కట్టేశారు, ఇంకా అక్కడే ఉన్నారు. ఒనాసాస్ స్థానికుడు గనక అతన్ని వదులుతున్నారు. అది కూడా ఎన్నాళ్ళో తెలియదు.

అక్కడ మమ్మల్ని ద్రోహులంటారు. నన్ను ఏమన్నా పరవాలేదు, వాళ్ళిద్దరినీ చూసుకో. తయేసిస్‌కి నెమ్మదిగా చెప్పు. నేను బతికే ఉన్నానని, దాని దగ్గరికి వచ్చే దారి వెతుకుతున్నానని చెప్పు.

నీ తమ్ముడు


అలెగ్జాండ్రియా
ఫర్మూతి నెల, ఇరవై నాలుగు

తమ్ముడికి అక్క రాసేది.

నీ జాబు అందింది. చెప్పినట్టే చేశాను.

మేమంతా బాగున్నాం. ఆపియకి పొంగు పోసి తగ్గింది. తయేసిస్ కాస్త చిక్కింది. ఎండలు ముదిరాయి కదా.

ఇకమీదట ఇంటికి రాయకు. మీ బావ పేరు మీద, రేవులో తాళ్ళు పేనే చోటికే పంపు. ఒనాసాస్‌ని ఇంటివైపు రావద్దను. తిండి నేనే అక్కడికి పంపిస్తాను. ఎందుకని అడక్కు. ఊరు బాగాలేదు. సైప్రస్‌లో ఉన్నవాళ్ళ ఇళ్ళ తలుపులకి లక్కముద్రలు వేస్తున్నారు, లోపలివాళ్ళని రేవు కొట్టాలలో పెడుతున్నారు. మా జోలికి రాలేదు. రారు కూడా, నువ్వు బెంగపెట్టుకోకు.

నువ్వు ఉన్నచోటే కదలకుండా ఉండు. ఎవరి కంటా పడకు. ఇంతకంటే రాయలేను.

మిర్రినె


అలెగ్జాండ్రియాకి తూర్పున, ఎలూసిస్ పేట
పయూని నెల, నాలుగో రోజు

అక్కకి,

ఎక్కడినుంచి రాస్తున్నానో చూశావుగా. నడిచొస్తే పొద్దెక్కేలోపు మీ ఇంటి గుమ్మంలో ఉంటాను. చిన్నప్పుడు నువ్వూ నేనూ అత్తిపళ్ళు దొంగిలించిన తోటలోనే మా గుడారం. చెట్లు కొట్టేసి వంటచెరకు చేశాం. నేనూ కొట్టాను.

నాకు కర్మ చేశారట కదా. ఓడ ఎక్కే ముందు ఒనాసాస్ చెప్పాడు. నాకు ముందే తెలిసి ఉంటుందనుకున్నాడు పాపం. "మీవాళ్ళు గొప్పగా చేశారు, వీధి వీధంతా వచ్చింది, మీ ఆవిడ నెత్తిన మట్టి పోసుకుంది," అన్నాడు. నేను ఎదురుగా నిలబడి విన్నాను. బతికున్నానని రాసిన జాబు నీకు చేరింది. నువ్వే ఒప్పుకున్నావు. చేరాక నన్ను చంపారు.

ఇది ఎవరి ఆలోచన? తయేసిస్ అడిగిందా? విధవ అయితే ఇంకో పెళ్ళికి అడ్డు ఉండదు, అంతేనా? అది వెళ్ళిపోతుందని నువ్వు ఏనాడో రాశావు, నేనే నవ్వాను. లేకపోతే ద్రోహి కంటే శవమే మర్యాదని బావ అన్నాడా?

సిరియా వాళ్ళు ఐగుప్తుకి పోయే దళంలోకి ఎవరొస్తారని అడిగారు. బలవంతం లేదు, సలామిస్‌లోనే ఉండిపోవచ్చు. నేను చెయ్యి ఎత్తాను. నాకోసం ఏడ్చి ముగించినవాళ్ళ ఊరికి ఏ వైపునుంచి వస్తే ఏమిటి?

ఇక్కడికి ముల్లంగి అమ్ముకునే ముసలమ్మ వస్తోంది. గోడ అవతలికీ పోతుంది, ఎవరూ ఆపరు. ఆమె చేతికి ఇస్తున్నాను. సమాధానం ఉంటే ఇవ్వు.

దొరియోన్


పయూని నెల, ఏడో రోజు

దొరియోన్,

పైన పలకరింపులు రాయడానికి నాకు మొహం లేదు. జరిగింది చెబుతాను.

లక్కముద్రలు వేసే అధికారి మన వీధికి వచ్చాడు. పక్కింటి వాళ్ళని అప్పటికే బయటికి లాగారు, ఆ ముసలాయన చెప్పు కూడా వేసుకోలేదు. మన గుమ్మం ముందు ఆగి, "నీ తమ్ముడు సలామిస్‌లో కదా, ఏ పక్షం?" అన్నాడు. నా నోట్లోంచి, "మా తమ్ముడు సముద్రంలో పోయాడు," అని వచ్చేసింది. ముందు అనుకున్న మాట కాదది. అధికారి గొంతు వెంటనే మారింది. "యుద్ధంలోనా?" అన్నాడు. "ఓడమీద," అన్నాను. తల వంచి, "అదృష్టవంతుడు," అన్నాడు.

అప్పుడు వెనక కుండ పగిలింది. తయేసిస్ నీళ్ళతో వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నేను చూడలేదురా.

అది నేలమీద పడి అరిచిన అరుపుకి వీధంతా వచ్చింది. వాళ్ళందరి ముందూ దాని చెవిలో ఏం చెప్పను? నిజం తెలిస్తే ఆ ఏడుపు ఆగుతుంది, ఆగితే అందరికీ తెలుస్తుంది. చీకటి పడ్డాక చెబుదామనుకున్నాను. అప్పటికి గుడినుంచి మనుషులు వచ్చారు. మర్నాడు మీ బావా నేనూ సరాపిస్ గుడిలో నువ్వు పోయావని ప్రమాణం చేయాల్సి వచ్చింది. ఆ తరువాత రోజు రోజుకీ నోరు పెగల్లేదు. వారం పోయాక, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియక ఆగాను. నెల పోయాక ఇంక ఆ మాట నాలో ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

దానికి తెలియదు, దొరియోన్. అది నిన్ను వదిలించుకోలేదు. పెళ్ళి గిళ్ళి ఎవరూ తలపెట్టలేదు. జుట్టు కత్తిరించుకుంది. పిల్లికి కూడా తిండి పెట్టడం లేదు. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటుంది. దాన్ని నేను ఎన్నెన్ని అన్నానో నాకు గుర్తొస్తూ ఉంటుంది.

నువ్వు రాకు. ఈ గోడ మీద నిన్ను ఎరిగినవాళ్ళు ఉన్నారు. వస్తే ద్రోహివి, మేము దొంగ ప్రమాణం చేసినవాళ్ళం, అదీ పిల్లా కొట్టాలలో. రోము నుంచి ఎవరో పెద్దమనిషి ఓడ దిగాడట, ఏదో జరుగుతుందంటున్నారు. జరిగేదాకా ఆగు. దానికి నేను చెబుతాను. ఎలాగో తెలియదు గానీ చెబుతాను.

మిర్రినె


అలెగ్జాండ్రియా
పయూని నెల, ఇరవై రెండు

పెలూసియం దారిలో ఉన్న దొరియోన్‌కి,

ఈ జాబు ఏ పడవవాడి చేతికి దొరికినా ఇస్తున్నాను, నీకు చేరాలి.

నీ రెండో చీటీ నా చేతికి రాలేదు. నేను సంతకి వెళ్ళాను. ముసలమ్మ దాన్ని తయేసిస్ చేతిలో పెట్టి వాళ్ళ భాషలో, "నీ మొగుడు ఇచ్చాడు, నిన్న పొద్దున గుడారం పీకుతూ ఇచ్చాడు," అందట. మీ బావ తాళ్ళ పనినుంచి వచ్చేసరికి అది గుమ్మంలో నిలబడి ఉందట. "అన్నయ్యా, ఇది చదువు," అందట. పెలూసియం దారిన వెనక్కి పోతున్నామని నువ్వు రాసింది మోస్కియోన్ చదివాడు. "ఆయన బతికున్నాడని మీకు ఎప్పటినుంచి తెలుసు?" అని అడిగింది. ఆయనకి అబద్ధం చేతకాదు, ఒక్కసారి ఆడి అలిసిపోయాడు. చెప్పేశాడు.

నేను వచ్చేసరికి లేదు. పిల్లా లేదు. నావాటిలోంచి ఒక్క గుడ్డ కూడా తీసుకెళ్ళలేదు. తూర్పు గుమ్మందాకా పరిగెత్తాను. ఆ రోజే గుమ్మాలు తెరిచారు, సిరియావాళ్ళు వెళ్ళిపోయారని జనం పూలదండలతో తోసుకుంటున్నారు. తెల్లకొంగు కనపడ్డ ప్రతిదాని భుజం పట్టుకుని తిప్పి చూశాను. ఎవరో తాగినవాడు నన్ను ఆటకి లాగాడు.

సైన్యం వెనక సంతతో పాటు పడవలో పోయిందని ఒకరన్నారు, నడిచిందని ఒకరన్నారు. చేరిందో లేదో ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టినా సరే, ముందు ఆ ముక్క రాయి.

మిర్రినె


అష్కెలోన్
ఎపీఫ్ నెల, ఇరవయ్యో రోజు

అక్కకి,

చేరింది. ఇద్దరూ బాగున్నారు.

పెలూసియంలో ఓడలెక్కుతుంటే వంటల దగ్గర ఎవరో చిన్నపిల్ల నా పేరు పెట్టి కుక్కని పిలుస్తోంది. వెనక్కి తిరిగాను. తయేసిస్ నన్ను చూసి రాలేదు, నిలబడిపోయింది. దగ్గరికి వెళ్ళాక నా చెవి పట్టుకుని మెలిపెట్టింది, ఇంకా ఎర్రగానే ఉంది. ఏడవలేదు. అక్కడ ఏడ్చేశానుగా, ఇంక లేదు అంది.

మేం ఎందుకు వెనక్కి తిరిగామో మాకే తెలియదు. ఆ రోము ముసలాయన మా రాజు చుట్టూ ఇసకలో కర్రతో గీత గీశాడట, ఐగుప్తు వదిలిపోతాడో లేదో జవాబు చెప్పాకే దాటమన్నాడట. మొదట గుడారాల్లో తమాషాకి చెప్పుకుంటున్నారనుకున్నాం. సాయంత్రానికి సామాను కట్టమన్నారు.

ఒనాసాస్ ఇక్కడ కనిపించాడు. సైప్రస్‌ని కూడా వదిలేయమన్నారట రోమువాళ్ళు. సలామిస్‌లో కదలకుండా కూర్చున్న మావాళ్ళంతా తిరిగి మన రాజుల కొలువులో ఉన్నారట, ఎవరూ ఏమీ అనలేదట. నువ్వు ఉన్నచోటే ఉండమన్నావు. నేను చెయ్యి ఎత్తాను. ఇప్పుడు నా పేరు వీళ్ళ దళంలో ఉంది, వదలమంటే వదలరు.

నీ మాటలు కలపకుండా రాయమని ఒకసారి నీకు రాశాను. ఇప్పుడు నా వంతు. తయేసిస్ చెప్పమన్నది ఇదీ: "వదిన అబద్ధం ఆడింది, పిల్లని కొట్టాల్లో పడకుండా కాపాడింది. అది నాకు తెలుసు. అబద్ధానికి కోపం లేదు. నేను ఏడుస్తుంటే నా తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఒళ్ళో నాకు నిద్ర పట్టింది. అందుకు నాకు కోపం."

నేను నిన్ను అడిగిన మాటలకి నాకు సిగ్గుగా ఉంది. దాని మీద వేసిన నింద దానికి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

దొరియోన్


అలెగ్జాండ్రియా
మెసోరె నెల, పదహారు

తమ్ముడికి అక్క రాసేది. పిల్లకి ముద్దులు. తయేసిస్‌కి ఏం రాయాలో తెలియక ఏమీ రాయడం లేదు.

సైప్రస్‌లో మారినవాళ్ళని క్షమించామని రాజులు చాటింపు వేయించారు. లక్కముద్రలు తీసేస్తున్నారు. కొట్టాలలోంచి వచ్చినవాళ్ళని చూస్తే గుండె తరుక్కుపోతుంది. పక్కింటి ముసలాయన రాలేదు.

ఇప్పుడు విచిత్రం ఏమిటంటే, ద్రోహులని రాసుకున్నవాళ్ళు ఇంటికి రావచ్చు. చచ్చిపోయావని రాయించిన నువ్వు రాలేవు. ఎవరైనా వచ్చి నేనే దొరియోన్ అంటే, చచ్చినవాడి పేరు పెట్టుకుని వచ్చిన గూఢచారి అంటారు. దీని గురించి మీ బావా నేనూ పోట్లాడుకున్నాం. "ప్రమాణం తప్పని ఒప్పుకుంటే రేవులోకి అడుగు పెట్టనివ్వరు. ఈ చేతులకి తాళ్ళు తప్ప ఇంకేం వచ్చు?" అన్నాడు. తరువాత చేతులు చూసుకుంటూ కూర్చుని, "సరే, పోదాం, కొంగు కప్పుకో," అన్నాడు.

రేవు కచేరీకి వెళ్ళాం. గుమస్తా తల ఎత్తకుండానే, "ఏ పని మీద?" అన్నాడు. "మా తమ్ముడు చనిపోయాడని చెప్పాం. చనిపోలేదు," అన్నాను. కేకలేస్తాడనుకున్నాను. కలంతో గోడవైపు చూపించి, "ఆ బల్ల మీద కూర్చోండి, వాళ్ళ తరువాత," అన్నాడు.

బల్ల నిండా జనం. ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. నేను సర్దుకుని చివర కూర్చున్నాను. పక్కావిడ కాసేపటికి నేల చూస్తూనే, "మీకెవరు?" అంది. "తమ్ముడు." "ఎలా పోయాడు?" "సముద్రంలో." "మావాడూ సముద్రంలోనే," అంది. అవతలివైపు తాత, "మావాడు కూడా," అన్నాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మొదట ఏడుస్తోందనిపించింది. నవ్వుతోంది. నాకూ ఆగలేదు. మీ బావ మా ఇద్దరినీ చూసి లేచి బయటికి పోయాడు.

మా వంతు వచ్చింది. తెలిసి కాదు, పొరపాటున ప్రమాణం చేశామని చెప్పాం. మీ బావని పనిలోంచి తీసేశారు. ఇప్పుడు చేపలవాళ్ళకి వలతాళ్ళు పేనుతున్నాడు, ఇంట్లో చేప కంపు. అదొక్కటే అయితే బాగుండేది. విధవగా గుడిలో దానధర్మాలు అందుకున్నది భార్య గనక ఆవిడే స్వయంగా వచ్చి భర్త బతికున్నాడని చెప్పాలిట. అక్క మాట చెల్లదు. ఒకసారి తప్పు చెప్పిన నోరు గనక.

నేను అడగడం లేదు. జరిగింది రాశాను, అంతే.

మిర్రినె


అష్కెలోన్
తోత్ నెల, పన్నెండు

అక్కా,

మమ్మల్ని యూదయ కొండల మీది ఒక ఊరికి పంపుతున్నారు. అక్కడ కోట కడతారట, జనం మమ్మల్ని చూసి తలుపులు వేసుకుంటారట. ఆడవాళ్ళని తీసుకురావద్దన్నారు. ఎన్నాళ్ళని అడిగితే మా దళపతి నవ్వాడు.

చలికాలం తుఫానులకి ఓడలు ఆగిపోయేలోపు ఒనాసాస్ ఆఖరి ఓడలో తయేసిస్‌నీ ఆపియనీ పంపుతున్నాను. నీ ఇంటికే వెళ్ళమని నేను చెప్పలేదు. వాళ్ళ ఊరు వెళ్ళినా మంచిదే అన్నాను. నీ జాబు మాత్రం మొత్తం చదివి వినిపించాను. బల్ల మీది సంగతి రెండోసారి చదివించుకుంది.

దాని నిర్ణయం దానిదే. నువ్వు ఎదురు చూడకు.

దొరియోన్


అలెగ్జాండ్రియా
ఫఓఫీ నెల, ఇరవై ఆరు

కొండమీది కోటలో ఉన్న తమ్ముడికి అక్క రాసేది. ఈ జాబు చేరేసరికి వానలు పడతాయంటున్నారు, తడవకు.

వచ్చింది. గుమ్మం ఎక్కలేదు. వీధిలోనే నిలబడి పిల్లని లోపలికి తోసి, "కచేరీ ఎక్కడ?" అంది. ఎండలో వచ్చావు, కాసిని నీళ్ళు తాగు అన్నాను. "వచ్చాక తాగుతాను," అంది. ముందు అది, వెనక నేను. దాని జుట్టు మళ్ళీ పెరుగుతోంది, మెడమీదికి వచ్చింది. వెనక నడిచాను గనక అదే చూస్తూ నడిచాను.

బల్ల ఖాళీగా ఉంది. ఆ గుమస్తాయే. నన్ను గుర్తుపట్టి పెదవి విరిచాడు. దాన్ని పేరు అడిగాడు, ఊరు అడిగాడు. వచ్చీరాని మన భాషలో చెప్పింది, నేను అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. విధవగా గుడిలో గోధుమలు పుచ్చుకున్నావా అన్నాడు. పుచ్చుకున్నానంది. అప్పుడు నీకు నిజం తెలుసా అన్నాడు. నేను తల దించేసుకున్నాను. తెలియదని చెబితే దాని తప్పు లేదు, తెలిసీ దొంగ ప్రమాణం చేసినందుకు నన్ను అక్కడినుంచి అక్కడికే పట్టుకుపోతారు. అది మాత్రం, "మా ఇంట్లో అందరికీ ఒకటే తెలుసు," అంది.

గుమస్తా నావైపు చూశాడు, దానివైపు చూశాడు. ఇంకోమాట గుచ్చి అడగలేదు. "సరే. ఇప్పుడు బతికే ఉన్నాడని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు," అంది తయేసిస్. "నేనే వెళ్ళి చూసొచ్చాను."

అలాగే రాసుకున్నాడు. ఈ ఊళ్ళో నువ్వు ఇప్పుడు బతికున్నావు, దొరియోన్.

మిర్రినె